త్రీడీ హెడ్‌సెట్ ధరించి ఆపరేషన్ చేయదలచిన సర్జన్‌కు: కంటి పరీక్ష నుంచి మొదటి కేసు దాకా

ల్యాపరోస్కోపీలో, అంటే పొట్టకు చిన్న రంధ్రాలు పెట్టి కెమెరాతో చూస్తూ చేసే ఆపరేషన్లలో, చేతికి ఎంత ఒడుపు ఉన్నా, ఎదుటి టీవీ తెర మీద కనిపించే పొట్ట లోపలి దృశ్యం బల్లపరుపుగానే ఉంటుంది. సూది మొన నాళానికి ఇవతల ఉన్నదా, అవతల ఉన్నదా అన్న సంగతిని నీడలను బట్టి, ఏ పరికరం దేనిని కప్పుతున్నదన్న దానిని బట్టి, ఏళ్ల తరబడి పడిన అలవాటును బట్టి పోల్చుకోవడమే మనకు తెలిసిన పద్ధతి. ఆ లోతును ఊహకు వదలకుండా, ఎడమ కంటికి ఒక బొమ్మను, కుడి కంటికి మరొక బొమ్మను విడివిడిగా చూపించి కళ్ల ముందు నిలబెట్టేదే తలకు ధరించే త్రీడీ తెర. ఎండోస్కోపీ సర్జన్ల కోసమే తయారుచేసిన ఇటువంటి హెడ్‌సెట్‌ను సోనీ సంస్థ 2013లో అమ్మకానికి తెచ్చింది. దానిలో ఒక్కొక్క కంటికి 1280×720 పిక్సెళ్ల చిన్న ఓలెడ్ తెర ఒకటి చొప్పున ఉండేది. ఆ తరువాత వెన్నెముక ఆపరేషన్లకు, కంటి ఆపరేషన్లకు వేర్వేరు రకాల హెడ్‌సెట్లు వచ్చాయి.

నేను నెల్లూరులో పనిచేసే ల్యాపరోస్కోపీ సర్జన్‌ను. మా ఊరి పొగతోట సందుల్లోనో, ఒంగోలులోనో, కావలిలోనో రెండు మూడు థియేటర్లున్న ఆసుపత్రిని నడుపుతూ, ఇటువంటి హెడ్‌సెట్‌ను తెచ్చుకోవాలా వద్దా అని ఆలోచిస్తున్నవారి కోసం, తెచ్చుకున్నాక ఎక్కడ మొదలుపెట్టాలో తోచనివారి కోసం ఈ వ్యాసం రాస్తున్నాను. నగరాల్లో దీన్ని చూసి వచ్చిన వారందరూ పరికరం గురించే మాట్లాడతారు. నా అనుభవంలో అయితే పెట్టె తెరవడం ఈ పనిలో చాలా ఆలస్యంగా రావలసిన మెట్టు. మొదటి మెట్టు మీ సొంత కళ్లు. రెండవది కెమెరా. మూడవది థియేటరు గది. ఈ మూడూ కుదిరాక హెడ్‌సెట్ తన పని తాను చేస్తుంది. ఇవి కుదరకపోతే ఎంత ఖరీదైన హెడ్‌సెట్ అయినా తలనొప్పినే మిగులుస్తుంది.

ముందుగా మీ కళ్లను పరీక్ష చేయించుకోండి

రెండు కళ్లు కొద్దిపాటి తేడాతో చూసే రెండు బొమ్మలను మెదడు కలుపుకొని లోతును గ్రహిస్తుందని చార్లెస్ వీట్‌స్టోన్ 1838లో నిరూపించి చూపించాడు. త్రీడీ పరికరాలన్నీ ఆ ఒక్క సూత్రం మీదనే నడుస్తున్నాయి. అందువల్ల రెండు కళ్ల చూపును కలుపుకోలేని మనిషికి ఈ హెడ్‌సెట్ వల్ల ఒరిగేదేమీ లేదు. చిన్నతనంలో మెల్లకన్ను ఉండి సరిచేయించుకున్నవారిలో, ఒక కన్ను చూపు మందగించి పెరిగినవారిలో ఈ శక్తి తక్కువగా ఉండవచ్చు, అసలే లేకపోవచ్చు. విచిత్రమేమిటంటే, అటువంటివారిలో చాలామందికి ఆ సంగతి తెలియదు, ఎందుకంటే వారు పుట్టినప్పటి నుంచి నీడలతో, కదలికలతో లోతును పోల్చుకోవడానికి అలవాటుపడి ఉంటారు. అటువంటి సర్జన్లు మామూలు తెర మీద ఎంతో చక్కగా ఆపరేషన్లు చేస్తారు కూడా. ఇందులో చిన్నతనంగా భావించవలసినది ఏమీ లేదు. డబ్బు పెట్టే ముందు తెలుసుకోవడం మాత్రం అవసరం.

మీ ఊళ్లోని కంటి డాక్టరు గారి దగ్గరకు వెళ్లి టిట్మస్ పరీక్ష చేయమని అడగండి. పోలరైజ్డ్ కళ్లజోడు పెట్టుకొని, 40 సెంటీమీటర్ల దూరంలో పట్టుకున్న పుస్తకంలో పెద్ద ఈగ బొమ్మ రెక్కలను పట్టుకోవడంతో మొదలుపెట్టి, నాలుగేసి వలయాల గుంపుల్లో ఏది పైకి లేచి కనిపిస్తున్నదో చెప్పడం దాకా ఈ పరీక్ష సాగుతుంది. వలయాల వరుసలు 800 ఆర్క్ సెకండ్ల (ఆర్క్ సెకండు అంటే డిగ్రీలో 3,600వ వంతు కోణం) తేడా నుంచి 40 ఆర్క్ సెకండ్ల దాకా సన్నబడుతూ పోతాయి. చివరి వలయాల దాకా తడబడకుండా చెప్పగలిగితే మీరు నిశ్చింతగా ముందుకు పోవచ్చు. ఈగ రెక్కలు కూడా పైకి లేవకపోతే ఇక్కడితో ఆగి, ఆ డబ్బుతో మంచి 4కే కెమెరా కొనుక్కోండి. మీతోపాటు కెమెరా పట్టుకునే సహాయకుడికి, మీరు లేనప్పుడు ఆ హెడ్‌సెట్‌ను వాడబోయే జూనియర్ డాక్టర్లకు కూడా ఇదే పరీక్ష చేయించండి.

తరువాత కళ్ల మధ్య దూరాన్ని కొలవాలి. పెద్దవారిలో ఒక కనుపాప నడిమి నుంచి రెండవ కనుపాప నడిమికి సగటున 63 మిల్లీమీటర్లు ఉంటుంది. 54 మొదలు 74 దాకా తేడాలు సాధారణమే. హెడ్‌సెట్ కటకాల మధ్య దూరం మీ కళ్ల దూరానికి సరిపడకపోతే, మొదటి అయిదు నిమిషాలు ఏమీ తెలియదు, అరగంట గడిచేసరికి కనుబొమల మధ్య నొప్పి మొదలవుతుంది. మిల్లీమీటరు స్కేలుతో దీన్ని ఆసుపత్రిలోనే కొలుచుకోవచ్చు. మీ సహచరుడిని చేయి చాచినంత దూరంలో ఎదురుగా కూర్చోబెట్టి, స్కేలును మీ ముక్కు దూలం మీద ఆనించమనండి. ఆయన తన కుడి కన్ను మూసి, తెరిచి ఉన్న తన ఎడమ కంటిని చూడమని మీకు చెప్పి, మీ కుడి కంటి నల్లగుడ్డు బయటి అంచుకు సున్నాను సరిపెట్టాలి. ఆ తరువాత స్కేలు కదపకుండా, తన ఎడమ కన్ను మూసి కుడి కన్ను తెరిచి, ఇప్పుడు దానిని చూడమని చెప్పి, మీ ఎడమ కంటి నల్లగుడ్డు లోపలి అంచు ఏ గీత దగ్గర ఉన్నదో చదవాలి. మూడుసార్లు కొలిచి సగటు రాసుకోండి. ఆ సంఖ్యను ఒక చీటీ మీద మీ పేరుతో సహా రాసి హెడ్‌సెట్ పెట్టె మూతకు అంటించండి, ఎందుకంటే ఒకే హెడ్‌సెట్‌ను నలుగురు వాడే చోట ప్రతిసారీ ఎవరో ఒకరి కొలతకు అది మారిపోయి ఉంటుంది.

నలభై దాటినవారికి చత్వారం సంగతి ఒకటి ఉన్నది. ఇటువంటి హెడ్‌సెట్లలో బొమ్మ కంటికి రెండంగుళాల దూరంలోని తెర మీద ఉన్నా, కటకాలు దానిని దూరాన ఉన్నట్టు చూపిస్తాయి. ఉదాహరణకు మైక్రోసాఫ్ట్ హోలోలెన్స్‌లో ఆ దూరం సుమారు 2 మీటర్లు. కాబట్టి బొమ్మను చూడడానికి చత్వారం అద్దాలు అడ్డం రావు. అవసరమైనది మీ దూరపు చూపు అద్దాలే. కానీ హెడ్‌సెట్ కింది సందులోంచి చేతిలోని సూదిని, ట్రేలోని క్లిప్పులను చూసుకోవలసి వచ్చినప్పుడు దగ్గర చూపు కావాలి. కళ్లజోడు మీదుగా హెడ్‌సెట్ పడుతుందో లేదో కొనకముందే స్వయంగా పెట్టుకొని చూడండి, కేటలాగును నమ్మవద్దు.

మీకు ఏది అవసరమో తేల్చుకోండి

రెండు కళ్లకు రెండు బొమ్మలు చూపించడానికి తలకు ధరించే తెర ఒక్కటే మార్గం కాదు. త్రీడీ టీవీని ఎదురుగా పెట్టి, అందరూ తేలికపాటి పోలరైజ్డ్ కళ్లజోళ్లు పెట్టుకొని చూసే పద్ధతి ఉన్నది. రెటీనా ఆపరేషన్లలోనూ 2016 నుంచి ఆ తరహా పెద్ద తెరలు వాడుకలోకి వచ్చాయి. మన జిల్లాల్లోని చాలా ఆసుపత్రులకు అదే చాలునని నా అభిప్రాయం. దానికి తరుగుదల తక్కువ, థియేటరులోని అందరూ ఒకే బొమ్మను చూస్తారు, తల మీద బరువు ఉండదు.

మరి హెడ్‌సెట్ ఎక్కడ అక్కరకు వస్తుంది? టీవీని సరిగ్గా ఎదురుగా పెట్టడానికి చోటు లేని ఇరుకు థియేటరులో అక్కరకు వస్తుంది. మెడను గంటల తరబడి పక్కకు తిప్పి చూడవలసిన మూత్రపిండాల ఆపరేషన్లలో, గర్భాశయ ఆపరేషన్లలో అక్కరకు వస్తుంది, ఎందుకంటే తల ఎటు ఉంటే బొమ్మ అటే ఉంటుంది. పోలరైజ్డ్ తెరకు కాస్త పక్కగానో, ఎత్తుగానో నిలబడితే ఒక కంటి బొమ్మ మరొక కంట్లోకి నీడలా చొరబడుతుంది. హెడ్‌సెట్‌లో ఒక్కొక్క కంటికి తన తెర తనకే ఉంటుంది కనుక ఆ బెడద లేదు. సన్నని దారంతో నాళాలను కుట్టే పని మీ దగ్గర నెలకు ఎన్నిసార్లు పడుతున్నదో మీ రిజిస్టరు తీసి లెక్కపెట్టుకోండి. పిత్తాశయం, అపెండిక్స్ కేసులే ఎక్కువైతే త్రీడీ టీవీ దగ్గరే ఆగిపోవచ్చు.

కొనేటప్పుడు మరో రెండు సంగతులు చూసుకోవాలి. ఒకటి లైసెన్సు. 2017 వైద్య పరికరాల నిబంధనల కింద ప్రమాదం తక్కువగా ఉండే ఏ, బి తరగతుల పరికరాలకు 2022 అక్టోబరు 1 నుంచి, ప్రమాదం ఎక్కువగా ఉండే సి, డి తరగతుల పరికరాలకు 2023 అక్టోబరు 1 నుంచి లైసెన్సు తప్పనిసరి అయింది. ఆటలకు, సినిమాలకు తయారుచేసిన హెడ్‌సెట్‌ను తక్కువ ధరకు వస్తున్నదని తెచ్చి రోగి మీద పనిచేయడానికి వాడవద్దు. రెండవది విడిభాగాలు. 2019లో వచ్చిన హోలోలెన్స్ 2 తయారీని మైక్రోసాఫ్ట్ 2024లో ఆపివేసింది. దాని మీద ఆధారపడినవారందరూ ఇప్పుడు వేరే దారి చూసుకోవలసి వస్తున్నది. కాబట్టి ఎన్నేళ్ల దాకా విడిభాగాలు ఇస్తారో, పాడైతే ఇంజినీరు చెన్నై నుంచి ఎన్ని గంటల్లో వస్తాడో, ఆ లోపల మారు యంత్రం ఇస్తారో లేదో కాగితం మీద రాయించుకోండి. చెన్నై మనకు మూడు నాలుగు గంటల ప్రయాణమే అన్న ధైర్యం తుఫాను రోజుల్లో హైవే మీద నీళ్లు నిలిచినప్పుడు పనికిరాదు.

కెమెరా లేనిదే హెడ్‌సెట్ లేదు

ఇప్పటికే మీ దగ్గరున్న మామూలు టెలిస్కోపుకు (పొట్టలోకి పెట్టి చూసే కటకాల గొట్టానికి) హెడ్‌సెట్ తగిలిస్తే త్రీడీ వస్తుందనుకునేవారు ఇంకా ఉన్నారు. రాదు. ఒకే కటకం గుండా వచ్చిన బొమ్మను రెండు కళ్లకు పంచినా అది చదునుగానే ఉంటుంది. మొనలో పక్కపక్కన రెండు కటకాలున్న త్రీడీ టెలిస్కోపు, దాని రెండు బొమ్మలను వేర్వేరుగా నడిపే ప్రాసెసరు ఉండి తీరాలి. ఖర్చులో ఎక్కువ భాగం హెడ్‌సెట్‌కు కాక వీటికే అవుతుంది కనుక, కొటేషను అడిగేటప్పుడు మూడింటినీ కలిపి అడగండి.

త్రీడీ టెలిస్కోపును పట్టుకునే పద్ధతి వేరు. మామూలు 30 డిగ్రీల టెలిస్కోపులో కెమెరాను నిలకడగా ఉంచి లైటు కేబులును తిప్పి పక్కకు చూడగలుగుతాము. చాలా త్రీడీ టెలిస్కోపుల్లో గొట్టమూ కెమెరా ఒకే ముక్కగా ఉంటాయి కాబట్టి, తిప్పితే బొమ్మ మొత్తం ఒరిగిపోతుంది. ఒరిగిన బొమ్మను మామూలు టీవీ మీద చూస్తే చిరాకు మాత్రమే కలుగుతుంది. కళ్లను పూర్తిగా కప్పిన హెడ్‌సెట్‌లో చూస్తే కడుపులో తిప్పుతుంది. కెమెరా చేయి వణికినా అంతే. కాబట్టి కెమెరా పట్టుకునే సహాయకుడికి మూడు విషయాలు ముందుగా నేర్పండి: బొమ్మను ఎప్పుడూ సమతలంగా ఉంచడం, మెల్లగా కదపడం, అవయవానికి మరీ దగ్గరగా తీసుకుపోకుండా ఉండడం. కటకాలు మరీ దగ్గరైనప్పుడు ఎడమ కుడి బొమ్మల మధ్య తేడా కళ్లు కలుపుకోలేనంత పెరిగి ఒక పరికరం రెండుగా కనిపిస్తుంది. మరీ దూరమైతే లోతు తగ్గి మళ్లీ చదును బొమ్మే మిగులుతుంది. ఆ రెండింటి మధ్య మీ టెలిస్కోపుకు హాయిగా ఉండే దూరం ఎంతో సాధన పెట్టెలోనే (పొట్టకు బదులుగా పెట్టుకొని చేయి అలవాటు చేసుకునే డబ్బాలోనే) కనిపెట్టి, సహాయకుడి చేతికి అలవాటు చేయండి.

మరొక సంగతిని ప్రత్యేకంగా చెప్పాలి. రెండు కటకాల్లో ఒక దాని మీదనే రక్తపు చుక్క పడినప్పుడు, రెండవ కన్ను ఆ లోపాన్ని కప్పిపుచ్చుతుంది. బొమ్మ బాగానే ఉన్నట్టు అనిపిస్తుంది, కానీ లోతు పోయి ఉంటుంది, కళ్లు అలసిపోతుంటాయి. అందువల్ల సూది చేతికి తీసుకునే ప్రతిసారీ ఒక కన్ను, తరువాత రెండవ కన్ను మూసి చూసుకోవడం అలవాటు చేసుకోండి. వేడి సెలైన్ ఫ్లాస్కును సిస్టరు చేతికి అందేటట్టు పెట్టించండి.

ఎడమ ఎడమకే, కుడి కుడికే

ఈ మెట్టు గురించి కొంచెం ఎక్కువ రాస్తాను, ఎందుకంటే దీని విలువ నాకు అనుభవం మీద తెలిసింది. ఒక ఆసుపత్రిలో చూపించడానికి తెచ్చిన త్రీడీ వ్యవస్థను సాధన పెట్టెకు తగిలించి నేను సూది పట్టుకున్నాను. బొమ్మ స్పష్టంగా ఉన్నది, రంగులు బాగున్నాయి. కానీ సూదితో రింగు గుండా దారం పోనివ్వబోతే ప్రతిసారీ ముందుకో వెనుకకో పోతున్నది. అలవాటు లేకపోవడం వల్లనే అనుకొని ఇరవై నిమిషాలు తంటాలు పడ్డాను. నా చేతుల మీదే నాకు అనుమానం వచ్చింది. చివరికి చూస్తే, ముందురోజు శుభ్రం చేసినవారు ప్రాసెసరు నుంచి హెడ్‌సెట్‌కు వచ్చే ఎడమ, కుడి కేబుళ్లను తారుమారుగా తగిలించారు. ఎడమ కంటి బొమ్మ కుడి కంటికి పోయినప్పుడు దగ్గరిది దూరంగా, దూరపుది దగ్గరగా కనిపిస్తుంది. నీడలు ఒక మాట చెబుతుంటే కళ్లు మరొక మాట చెబుతాయి. మెదడు వెంటనే తప్పు పట్టదు, ఎలాగో సర్దుకొని చూపిస్తుంది. అది పెట్టె కాబట్టి సరిపోయింది. మనిషి పొట్టలో పిత్తనాళం పక్కన అయి ఉంటే ఏమయ్యేదో తలచుకుంటే ఇప్పటికీ గుబులు పుడుతుంది.

అందువల్ల ప్రతి ఆపరేషనుకు ముందు, రోగికి మత్తు ఇవ్వకముందే, ఈ పరీక్ష చేయండి. టెలిస్కోపును పై గుర్తు పైకి వచ్చేటట్టు పట్టుకొని, మొనలోని ఎడమ కటకాన్ని తడిపిన పలుచని నూలు గుడ్డ (గాజ్) ముక్క కొసతో కప్పమనండి. హెడ్‌సెట్‌లో మీ ఎడమ కంటికే చీకటి కమ్మాలి. కుడి కటకాన్ని కప్పితే కుడి కంటికే కమ్మాలి. తరువాత రెండు పరికరాలను తెర మీద ఒకదాని వెనుక ఒకటి పెట్టించి, ఏది ముందున్నదో చెప్పి, తాకి చూసుకోండి. ఆ తరువాత చదరపు గళ్ల కాగితాన్ని టెలిస్కోపు ముందు పెట్టి, ఒక్కొక్క కన్నూ మూస్తూ, ఒకే అడ్డగీత రెండు కళ్లకూ ఒకే ఎత్తున ఉన్నదో లేదో చూడండి. కళ్లు పక్కకు ఉన్న తేడాను ఓర్చుకుంటాయి కానీ పైకీ కిందికీ ఉన్న తేడాను దాదాపు ఓర్చుకోలేవు. గీత ఎత్తు మారుతున్నట్టు కనిపిస్తే ఆ రోజు త్రీడీని ఆపివేసి ఇంజినీరుకు ఫోన్ చేయండి. వైట్ బ్యాలెన్స్, ఫోకస్ మామూలుగా చేసుకునేవే కనుక వాటి గురించి వేరే చెప్పనక్కరలేదు. కేబుళ్ల రెండు చివర్లకూ ఎర్ర టేపు, పచ్చ టేపు చుట్టండి. రంగులు కలిస్తేనే తగిలించాలని శుభ్రం చేసే అబ్బాయికి కూడా చూపించండి.

గది, కరెంటు, వైర్లు

ప్రాసెసరు, హెడ్‌సెట్ కంట్రోల్ పెట్టె, లైటు సోర్సు మూడూ ఆన్‌లైన్ యూపీఎస్ మీదనే నడవాలి. రోహిణి కార్తె ఎండల్లో కరెంటు పోయి జనరేటరు అందుకునే ఆ కొద్ది క్షణాల్లో మామూలు టీవీ ఆరి మళ్లీ వెలుగుతుంది. త్రీడీ ప్రాసెసరు మాత్రం మొదటి నుంచి తెరుచుకుంటుంది. ఆ సమయమంతా మీ కళ్ల ముందు చీకటి. యూపీఎస్ ఉన్నా సరే, ప్లగ్గు పీకి జనరేటరు వచ్చేదాకా బొమ్మ నిలుస్తున్నదో లేదో నెలకోసారి ఆపరేషను లేని వేళ పరీక్షించండి.

మామూలు టీవీని థియేటరులోంచి ఎప్పుడూ తీసివేయవద్దు. అదే కెమెరా నుంచి ఒక కంటి బొమ్మను దానికి పంపించి, ఆపరేషను పొడవునా వెలుగుతూనే ఉంచండి. సిస్టరు, మత్తు డాక్టరు గారు దానిని చూసి మీ పనిని అనుసరిస్తారు. మీకు హెడ్‌సెట్‌తో ఇబ్బంది కలిగిన క్షణాన దానిని తీసివేయించి తల ఎత్తితే చాలు, ఆ టీవీ ఎదురుగా ఉండాలి. ఆ ఒక్క ఏర్పాటు లేనిచోట నేను హెడ్‌సెట్ పెట్టుకోను.

హెడ్‌సెట్ వైరును భుజం వెనుక నుంచి, గౌను లోపలి వైపుగా దింపి, వీపు వెనుక ఉన్న ట్రాలీకి చేర్చండి. రోగి బల్ల వైపు వైరు వేలాడకూడదు. కింద పడిన వైరును టేపుతో నేలకు అంటించండి; కళ్లు కప్పుకున్న సర్జన్ అడుగు వెనక్కు వేసేటప్పుడు నేలను చూసుకోలేడు.

రొయ్యలతో, నిమ్మకాయలతో సాధన

మనిషి మీద పని మొదలుపెట్టేముందు సాధన పెట్టెలో కనీసం పది సార్లు కూర్చోండి. ల్యాపరోస్కోపీ శిక్షణల్లో అందరికీ తెలిసిన, ఆరు వస్తువులను 300 సెకండ్ల లోపు మేకుల పలక మీద ఒక వైపు నుంచి రెండవ వైపుకు మార్చి, మళ్లీ మొదటి వైపుకు తెచ్చే పరీక్షతో మొదలుపెట్టండి. మొదట మామూలు టీవీ మీద, వెంటనే హెడ్‌సెట్‌తో చేసి, పట్టిన సమయాన్ని, కింద పడినవాటిని, గురి తప్పిన పట్లను పక్కపక్కన రాయించండి. మీ చేతికి దీనివల్ల ప్రయోజనం ఉన్నదో లేదో ఆ కాగితమే చెబుతుంది.

ఆ తరువాతి సాధనకు మన నేల మీద దొరికేవాటికి మించిన వస్తువులను నేను చూడలేదు. నెల్లూరు చెరువుల రొయ్యను పెట్టెలో పిన్నులతో పరచి, వీపు చీల్చి, నల్లని సన్నని పేగును తెగకుండా తల నుంచి తోక దాకా తీయండి. లోతును ఒక్క మిల్లీమీటరు తప్పు అంచనా వేసినా అది తెగుతుంది. పొదలకూరు నిమ్మకాయను అడ్డంగా కోసి, ఒక తొన మీది పలుచని పొరను రసం తిత్తులు పగలకుండా ఒలవండి. అవయవం మీది పొరను విడదీసే పనికి ఇది చాలా దగ్గరగా ఉంటుంది. కుట్లకు మేక పేగు ముక్క చాలు. రెండు కొసలను సన్నని 4-0 దారంతో కలిపి కుట్టి, నీళ్లు పోసి కారుతున్నదేమో చూడండి. ఒకసారి కూర్చుంటే ముప్పై నిమిషాలు మించవద్దు. తల తిరిగినా, బొమ్మ రెండుగా కనిపించినా వెంటనే తీసివేయండి. ఓర్చుకొని కొనసాగిస్తే అలవాటవుతుందనుకోవడం పొరపాటు. అలసిన కళ్లకు కొలత మార్చుకోవడమో, విశ్రాంతి ఇవ్వడమో చేయాలి.

ఆపరేషను రోజు

మొదటి కేసులకు మీరు కళ్లు మూసుకొని చేయగలిగినంత అలవాటైన ఆపరేషనునే ఎంచుకోండి. వాపు లేని పిత్తాశయం కేసు మంచిది. పిత్తాశయ నాళాన్ని, ధమనిని విడదీసి, వాటిని కోసేముందు రెండే రెండు నిర్మాణాలు పిత్తాశయంలోకి పోతున్నాయని చూపించే సురక్షిత దృశ్యం దగ్గర హెడ్‌సెట్‌ను ఒకసారి తీయించి, మామూలు టీవీ మీద కూడా చూసి నిర్ధారించుకున్నాకే క్లిప్పు వేయండి. మొదటి పది కేసుల దాకా ఈ నియమాన్ని నేను విడవలేదు. కొత్త పరికరంతో చేస్తున్నామని, అవసరమైతే మామూలు పద్ధతికి మారుతామని రోగికీ ఇంటివారికీ ముందురోజే చెప్పి సమ్మతి పత్రంలో రాయండి. వీడియో రికార్డు చేస్తే దానికి వేరుగా అనుమతి తీసుకోండి.

ధరించే వరుస ఇది. టోపీ, మాస్కు పెట్టుకొని, మాస్కు పై అంచును ముక్కు మీద టేపుతో అతికించండి. ఊపిరి పైకి పోయి కటకాలకు ఆవిరి పట్టకుండా ఉండడానికి ఇంతకంటే మంచి ఉపాయం లేదు. ఆ తరువాత హెడ్‌సెట్ పెట్టుకొని, బరువు ముక్కు మీద కాక నుదుటి మీద, తల వెనుక పట్టీ మీద పడేటట్టు బిగించండి. మీ కళ్ల కొలతకు కటకాలు సరిపెట్టుకొని, తల కిందికీ పైకీ ఊపి, జారడం లేదని తేల్చుకున్నాకే చేతులు కడుక్కోవడానికి వెళ్లండి. చేతులు కడుక్కున్నాక దానిని మీరు ముట్టుకోకూడదు. సరిచేయవలసి వస్తే స్టెరైల్ కాని సిస్టరే చేయాలి. ఎవరు చేస్తారో ముందే చెప్పి ఉంచండి.

కళ్లు కప్పుకున్న సర్జన్‌తో పనిచేయడం థియేటరులోని అందరికీ కొత్తే. మామూలుగా మీరు చేయి చాపి చూపుతోనే అడిగేవన్నీ ఇప్పుడు మాటతో అడగాలి. "సార్, నీడిల్ హోల్డర్ కుడి చేతికి ఇస్తున్నాను" అని సిస్టరు చెప్పిన తరువాతనే వస్తువు మీ అరచేతిలో పడాలి; "తీసుకున్నానమ్మా" అని మీరు బదులివ్వాలి. పదునైన వస్తువులను చేతి నుంచి చేతికి ఇవ్వకుండా ట్రేలో పెట్టి అందించడం మరీ మంచిది. బీపీ, ఆక్సిజన్ మారితే మత్తు డాక్టరు గారు మానిటరు వైపు చూపించడం కాక గొంతెత్తి చెప్పాలి. ఈ మాటలన్నీ ఒక పూట ఖాళీ థియేటరులో, బల్ల మీద ఎవరూ లేకుండా, అందరూ కలిసి చెప్పుకొని చూడండి. నలభై నిమిషాలకోసారి హెడ్‌సెట్ తీయించుకొని, కళ్లు మూసి, మెడ వంచి, ఒక నిమిషం ఆగండి.

పిత్తాశయం కేసులు చేతికి వచ్చాక, పిత్తనాళం తెరిచి రాయి తీసి కుట్టడం, మూత్రనాళం మొదలు దగ్గర ఇరుకును సరిచేసి కుట్టడం వంటి దారం పని ఉన్న ఆపరేషన్లకు మెల్లగా రండి. ఈ హెడ్‌సెట్ తన విలువను చూపించేది అక్కడే.

వెన్నెముక సర్జన్లకు ఒక మాట

ప్రకాశం జిల్లా వెన్నెముక సర్జన్లు నన్ను తరచూ అడిగే ప్రశ్న మరో రకం హెడ్‌సెట్ గురించి. పారదర్శకంగా ఉండి, రోగి వీపును చూస్తుండగానే దాని మీద సీటీ స్కానులోని ఎముకను వేసి చూపించేది అది. అటువంటిదానికి అమెరికా ఎఫ్‌డీఏ (మందులు, వైద్య పరికరాల నియంత్రణ సంస్థ) 2019 డిసెంబరులో అనుమతి ఇచ్చింది. మన ప్రాంతానికి ఈ ప్రశ్న ఊరికే రాలేదు. మనుషుల్లో ఫ్లోరైడ్ వల్ల వచ్చే ఎముకల జబ్బును మన దేశంలో వర్ణించిన 1937 నాటి నివేదిక అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లా రోగుల గురించే. నాటి నెల్లూరు జిల్లాలోని పొదిలి, కనిగిరి, దర్శి ప్రాంతాలు 1970లో కొత్తగా ఏర్పడిన ఒంగోలు (తరువాత ప్రకాశం) జిల్లాలోకి వెళ్లాయి. నీళ్లలోని ఫ్లోరైడ్ మాత్రం అక్కడివారితోనే ఉండిపోయింది. అక్కడి రోగుల వెన్నెముకలో స్నాయువులు (ఎముకలను కలిపి ఉంచే పట్టీలు) ఎముకగా గట్టిపడి వెన్నుపామును నొక్కుతాయి.

వెన్నుపూసలోకి స్క్రూ ఏ దిశలో పోవాలో చూపించడంలో ఆ హెడ్‌సెట్ సాయపడుతుంది. కానీ గట్టిపడిన స్నాయువు వెన్నుపాము పొరకు ఎక్కడ అతుక్కున్నదో సీటీ బొమ్మ చెప్పలేదు. డ్రిల్లు మొన కింద ఆ హద్దును చూడడానికి మైక్రోస్కోపే కావాలి. అంతేకాక, రోగి ఎముక చోటును యంత్రం పోల్చుకోవడానికి వెన్నుపూసకు బిగించిన గుర్తు పట్టీ కాస్త కదిలినా, తెర మీది బొమ్మ అందంగానే ఉంటుంది కానీ తప్పు చోట ఉంటుంది. ప్రతి స్క్రూకు ముందు, కళ్లకు నేరుగా కనిపిస్తున్న ఒక ఎముక కొసను పాయింటరుతో తాకి, తెర మీద కూడా అదే కొస మీద ఉన్నదో లేదో చూసుకోండి. సి-ఆర్మ్‌ను (ఆపరేషను మధ్యలో ఎక్స్‌రే చూపించే యంత్రాన్ని) థియేటరులోంచి బయటకు పంపవద్దు.

పని అయ్యాక

హెడ్‌సెట్‌ను ఆటోక్లేవ్ (వేడి ఆవిరితో శుద్ధి) చేయకూడదు, కటకాల మీద స్పిరిట్ చల్లకూడదు. నుదుటి మెత్తను తీసి, తయారీదారు చెప్పిన ద్రావణంతో తుడిచి, కటకాలను మైక్రోఫైబర్ గుడ్డతో మాత్రమే తుడవండి. ఒక్కొక్క సర్జన్‌కు వేరు మెత్త ఉంటే మేలు. కోస్తాలో ఉన్న మనకు ఈశాన్య రుతుపవనాల నెలల్లో కటకాలకు బూజు పట్టడం పెద్ద సమస్య; టెలిస్కోపునూ హెడ్‌సెట్‌నూ గాలి చొరబడని డబ్బాలో సిలికా జెల్ సంచులతో ఉంచి, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వారానికోసారి ఆ సంచుల రంగు చూసి మార్చండి.

థియేటరు రిజిస్టరులో ఈ కేసులకు వేరే పేజీ తెరిచి, ఎన్ని నిమిషాలు హెడ్‌సెట్ పెట్టుకున్నారు, ఎందుకు తీశారు, ఎడమ కుడి పరీక్ష ఎవరు చేశారు, సర్జన్‌కు తలనొప్పి వచ్చిందా అన్న నాలుగు సంగతులు ఆ పూటే రాయించండి. మూడు నెలల తరువాత ఆ పేజీలు తిరగేస్తే, ఏ సర్జన్ కొలత మళ్లీ తీయాలో, ఏ కేబులు మార్చాలో అందులోనే కనిపిస్తుంది.